సన్నటివాళ్ళ కాలేయాలు

603వ చుట్టు, వెలుగు మొదటి రోజు

ఇవాళ బరువుల రోజు. మబ్బుపాలెంలో చంటిపిల్లలతో సహా మూడు వందల పన్నెండు మందీ కాటా ఎక్కి దిగారు. పెద్దవాళ్ళ సగటు యాభై మూడు కిలోలు. బరువుల అధికారి గొర్లె రామినాయుడు ఆ అంకె మైకులో చదివితే జనం చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ కొడతారు. మా కింద నేల లేదు. పన్నెండు గాలిసంచులు, వాటి తాళ్ళకు వేలాడే ఊరు, ఊరి కింద యాభై కిలోమీటర్ల మబ్బు, వేడిగాలి. బరువెక్కితే ఊరు దిగుతుంది. దిగితే ఉడికిపోతాం. ఈ శుక్రగ్రహం మీద పుట్టిన పిల్లలకు ఆ సంగతి మాటలు రాకముందే తెలిసిపోతుంది. గాలి మా ఊరిని నాలుగు రోజులకోసారి గ్రహం చుట్టూ తిప్పుతుంది, రెండు రోజులు వెలుగు, రెండు రోజులు చీకటి; ఈ డైరీ మొదలుపెట్టాక ఇది 603వ చుట్టు.

కాటా దిగిన పెద్దవాళ్ళు నేరుగా నా గదికి వస్తారు. నేను నూకరత్నాన్ని, ఈ ఊరి నర్సుని. ఒక్కొక్కరికీ బిగింపు సూది వేస్తాను. ఈ మందు పడితే ఒంట్లో కొవ్వు కణాలు ఉబ్బవు. తొమ్మిదేళ్ళ కిందట రెండు సంచులు చిరిగి ఊరు నాలుగు వందల మీటర్లు జారిపోయాక మా డాక్టర్ విమలాంబ గారు దీన్ని తయారుచేశారు. అప్పటినుంచి ఇక్కడ ఎవరికీ పొట్ట లేదు.

అందరికంటే చివర మా చెల్లెలు పైడమ్మ వచ్చింది. దానికి ముప్పై ఆరేళ్ళు, నలభై నాలుగు కిలోలు. యాసిడ్ మబ్బులో తాళ్ళెక్కి సంచులకు మాసికలు వేస్తుంది. తాడుపనివాళ్ళు తొమ్మిది మందిలో అదే తేలిక, అదే మేటి.

"అప్పా, నాకు రెండు సూదులెయ్యి" అంది. అక్కని అప్ప అనడం మా వైపు అలవాటు.

"రెండెందుకే?"

"తాడెక్కేవోళ్ళకి రెండేసుకోవచ్చని రూలుంది కదేటి. ఏడాది నుంచి ఏస్తన్నావు, ఇప్పుడడుగుతావేటి?"

వేశాను. చొక్కా సర్దుకుంటూ కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కుకుంది. ఏమిటని అడిగితే, "ఇక్కడ రాయెట్టినట్టుంటంది. కూకుంటే లెగబుద్ధి కాదు" అంది. పిత్తాశయంలో రాళ్ళేమో అనుకున్నాను. మనుషులను చూసే స్కానరు పాడై మూడేళ్ళయింది. సంచి గుడ్డ మందం చూసే స్కానరు తాడుపనివాళ్ళ దగ్గర ఉంది. రెండిట్లోనూ పనిచేసేది శబ్దమే. దాన్ని తెచ్చి, కొలత మార్చి, పైడమ్మ పొట్ట మీద పెట్టాను.

రాళ్ళు లేవు. కాలేయం మాత్రం తెల్లగా ఉంది. పక్కనున్న మూత్రపిండం బూడిదరంగులో ఉంటే కాలేయం తెరంతా తెల్లగా వెలిగిపోతోంది. భూమి మీద చదువుకునే రోజుల్లో ఇలాంటివి చాలా చూశాను. కాకపోతే అవన్నీ వంద కిలోల మనుషులవి.

604వ చుట్టు, వెలుగు రెండో రోజు

స్కానరు సరిగా లేదేమోనని నన్ను నేనే చూసుకున్నాను. నాదీ తెల్లగానే ఉంది, పైడమ్మ దానికంటే కాస్త తక్కువ. తర్వాత ఏదో సాకు చెప్పి నలభై మందిని పడుకోబెట్టి చూశాను. ముప్పై ఒక్కరి కాలేయాల్లో కొవ్వు పట్టింది. పదిహేనేళ్ళు నిండనివాళ్ళు, అంటే సూది మొదలుపెట్టనివాళ్ళు, ఆరుగురు. ఆ ఆరుగురివీ శుభ్రంగా ఉన్నాయి.

డాక్టర్ గారికి చూపించాను. ఆవిడకు డెబ్బై ఏళ్ళు. బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి, మళ్ళీ మొదటినుంచి తిప్పారు.

"అందరి చేతిపట్టీలూ చూశావా?"

"చూశానండి. ఒంట్లో చక్కెర అందరికీ పచ్చరంగులోనే ఉంది. ఒక్కరికీ షుగరు లేదు."

"చక్కెర సరే. ఇన్సులిన్ ఎంతుందో ఎప్పుడైనా కొలిచామా?"

కొలవలేదు. పరీక్ష సామాను తక్కువ. సరుకుల నౌక రెండు వందల చుట్లకోసారి వస్తుంది. పట్టీ పచ్చగా ఉన్నప్పుడు ఇక కొలవడం ఎందుకని ఊరుకున్నాం.

"పన్నెండు మందికి చేద్దాం. పరగడుపున ఒకసారి, అన్నం తిన్న రెండు గంటలకు ఒకసారి. ఇన్సులిన్‌తో పాటు రక్తంలో తిరిగే కొవ్వు కూడా చూడు" అన్నారు.

605వ చుట్టు, వెలుగు మొదటి రోజు

ఫలితాలు వచ్చాయి. పరగడుపు ఇన్సులిన్ ఉండవలసినదానికి నాలుగింతలు ఉంది, పన్నెండు మందికీ. అన్నం తిన్నాక రక్తంలో కొవ్వు బాగా పడిపోవాలి. ఒక్కరికీ పడలేదు. పైడమ్మకు పెరిగింది.

డాక్టర్ గారు కాగితం బల్ల మీద పెట్టారు. నాకు చెబుతున్నట్టే ఉంది గానీ, తనకు తానే చెప్పుకున్నారు.

"ఇన్సులిన్ అంటే చక్కెర సంగతే అనుకుంటాం రత్నం. అది కొవ్వు కణాలతో కూడా ఒక మాట అంటుంది. తిండి వచ్చింది, ఇక మీ దగ్గరున్నది వదలకండి, వచ్చినదాన్ని దాచండి అని. నా మందు ఆ కణాలను చెవిటివి చేసింది. అవి దాచుకోవు, ఉన్నది కూడా పట్టుకోవు. వదులుతూనే ఉంటాయి. అది రక్తంలో పడి కాలేయానికి చేరుతుంది. దాచవలసిన చోట దాచకపోతే దాచకూడని చోటికి పోయింది."

"మరి చక్కెర ఎందుకు పెరగలేదండి?"

"ఒళ్ళు నాలుగింతలు ఇన్సులిన్ పోసి నెట్టుకొస్తోంది. ఆ ఇన్సులిన్ కాలేయం దగ్గరకు పోయి అక్కడ ఇంకా కొవ్వు తయారుచేయమంటుంది. ఆ మాట మాత్రం కాలేయం బాగానే వింటుంది." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తొమ్మిదేళ్ళుగా నేను కాటా చూసి సంతోషపడ్డాను. కొవ్వు పోయిందనుకున్నాను. చోటు మారింది, అంతే."

సూది ఆపేద్దామా అని అడిగాను. ఆపితే ఒక్కొక్కరూ ఏడు కిలోలు పెరుగుతారని లెక్క కట్టారు. పెద్దవాళ్ళం రెండు వందల అరవై మందిమి. పద్దెనిమిది వందల కిలోలకు పైగా బరువు. ఊరు అంత మోయలేదు.

605వ చుట్టు, వెలుగు రెండో రోజు

కొవ్వు పట్టిన కాలేయం కొన్నేళ్ళకు గట్టిపడుతుంది. గట్టిదనాన్ని కూడా ఈ స్కానరుతో కొలవవచ్చు. ఆరు దాటకూడదు. చాలామందికి ఏడు, ఎనిమిది మధ్య వచ్చింది. నాకు ఎనిమిది. తాడుపనివాళ్ళకు పది, పదకొండు. వాళ్ళు తాడెక్కేముందు బరువు తగ్గడానికి రెండేసి రోజులు పస్తుంటారు. పస్తున్నప్పుడు కొవ్వు కణాలు ఇంకా ఎక్కువ వదులుతాయి.

రెండేసి సూదులు వేయించుకునేది పైడమ్మ ఒక్కతే; దాన్ని చివర చూశాను. ఇరవై ఒకటి.

మూడుసార్లు కొలిచాను. అదే అంకె. దానికి తెర మీద అంకె కనబడుతూనే ఉంది.

"ఎక్కువేనేటి?"

"ఎక్కువే. నువ్వు తాడెక్కడానికి వీల్లేదు."

అది లేచి కూర్చుంది. "నాలుగో సంచి కారతంది. ఇంకో మూడు చుట్లలో మాసిక ఎయ్యాల. అది ఎయ్యగలిగినోళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవులున్నారు? తవుడున్నాడు, ఆడికి యాభై రెండు కిలోలు. ఆ పాత తాడు ఆడిని మొయ్యదు."

"నీ లివరు గట్టిపడిపోయింది పైడీ. ఇది ఆట కాదు."

"నాను ఆటంటన్నానేటి? పదిహేనేళ్ళ నుంచి నాకొచ్చిన పని ఇదొక్కటే. అది నేకపోతే నాను తిని కూకునే బరువుని, అంతే." నా చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్క సంచి అయ్యేదాకా రాసీయకు అప్పా. తరవాత నువ్వేటి సెప్తే అది."

రిజిస్టరులో దాని పేరుకు ఎదురుగా గడి ఖాళీగా వదిలేశాను. దాని మీద జాలితో అనుకున్నాను. ఆ సంచి సంగతి తలుచుకుంటే నాకూ భయమే. ఏది ఎంతో ఇప్పుడు చెప్పలేను.

606వ చుట్టు, వెలుగు మొదటి రోజు

డాక్టర్ గారూ నేనూ రామినాయుడు దగ్గరకు వెళ్ళాం. కాగితాలన్నీ పెట్టి సూది ఆపాలన్నాం. ఆయన ఓపిగ్గా విన్నాడు. చదువుకున్నవాడు కాబట్టి అర్థం కాకపోవడమన్నది లేదు.

"ఇప్పుడెవులైనా సచ్చిపోతన్నారా డాక్టరమ్మా?"

"ఇప్పుడు కాదు. ఇంకో అయిదేళ్ళకు చాలామంది."

"ఊరు దిగితే మూడు గంటల్లో అందరం. సంచులు సిరిగిన రోజున మా ఇంట్లో ఇద్దరు పోనారు, మీకు తెలుసు. పద్దెనిమిది వందల కిలోలు ఎక్కడినుంచి తెమ్మంటారు? నీళ్ళు పారబొయ్యమంటారా? పిల్లల్ని పారెయ్యమంటారా?"

తెప్పను వదిలేస్తే సరిపోతుందని నేను అన్నాను. ఊరి అడుగున వేలాడే రాకెట్ బండికి ఆ పేరు. ప్రాణం మీదికి వస్తే పన్నెండు మంది ఎక్కి పైకి ఎగిరిపోవచ్చు. బరువు రెండు వేల వంద కిలోలు. ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు.

రామినాయుడు ముఖం గట్టిపడింది. "అది ఉండబట్టే జనం నిద్రపోతన్నారు. దాని మాట ఇంకోసారి ఎత్తకండి."

తలుపు దాకా వచ్చాక నన్ను వెనక్కి పిలిచాడు. "మీ చెల్లెలి గడి ఖాళీగా ఉందేటి? కొలవనేదా?"

"స్కానరు సరిగా పట్టలేదండి. మళ్ళీ చూస్తాను" అన్నాను.

డాక్టర్ గారు నా వైపు చూశారు.

608వ చుట్టు, వెలుగు రెండో రోజు

అందరూ నిద్రపోయాక రాస్తున్నాను.

పైడమ్మ నిద్ర లేవగానే బయటికి వెళ్ళింది. రెండు రోజులుగా తిండి లేదు, నీళ్ళు కూడా గుక్కెడు గుక్కెడే తాగింది. నేను కంట్రోలు గదిలో వైర్‌లెస్ దగ్గర కూర్చున్నాను. రామినాయుడు నా వెనక నిలబడ్డాడు. నాలుగు గంటలు అంతా సవ్యంగా సాగింది. "మాసిక సగం అయిపోనాది. మబ్బు పసుపచ్చగా ఉంది, బాగుంది" అంది. మాట కాస్త ముద్దగా వస్తోందనిపించింది. అలసటేమో అనుకున్నాను.

తర్వాత మాట ఆగింది.

"పైడీ, చెప్పు."

"ఏటి సెప్పాలి?"

"మాసిక ఎక్కడిదాకా వచ్చింది?"

"అమ్మ పిలుస్తంది. అన్నం సల్లారిపోతాదట. ఎల్తాను."

మా అమ్మ పోయి ఇరవై రెండేళ్ళు.

తాడు మీద ఎప్పుడూ రెండు కొక్కేలు తగిలించుకుని ఉంటారు. ఒకటి జరపాలంటే రెండోది బిగిసిందని చూసుకుని తీస్తారు. కెమెరాలో దాని చేతులు కనిపిస్తున్నాయి. ఎడమ కొక్కెం తీసేసింది. తీసి, అదేమిటో తెలియనట్టు దానివైపు చూస్తోంది. ఆ తర్వాత కుడి చెయ్యి రెండో కొక్కెం మీదికి పోయింది.

"పైడీ. కుడి చెయ్యి తియ్యి. ఆ కొక్కెం మీదినుంచి చెయ్యి తియ్యి."

"ఎందుకు?"

"అమ్మ తియ్యమంది."

చెయ్యి తీసింది. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"ఇప్పుడు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకో. పెట్టుకున్నావా?"

"ఎట్టుకున్నాను. అప్పా, ఇక్కడ పసుపచ్చగా ఉంది."

"ఉండనీ. చేతులు తియ్యకు. అమ్మ ఏం వండింది?"

అది చెప్పుకుంటూ పోయింది. ఎండు నెత్తళ్ళు, వంకాయ, గంజి. చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఒక్కోసారి మధ్యలో మాట ఆగిపోయి చెయ్యి కొక్కెం వైపు జారేది. నేను మళ్ళీ అడిగేదాన్ని, పులుసులో చింతపండెంత, గంజిలో ఉప్పెంత అని. తవుడు అప్పటికే బయటికి పరిగెత్తాడు. పాత తాడు తనను మోయదని తెలిసీ ఎక్కాడు. తాడు సాగింది గానీ తెగలేదు; దాన్ని చేరడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆ పద్దెనిమిది నిమిషాలూ నేను కూరల గురించి మాట్లాడాను. తవుడు చెయ్యి వచ్చి దాని నడుము పట్టీని పట్టుకోవడం కెమెరాలో చూశాక అడగడం ఆపాను.

డాక్టర్ గారు పరీక్ష చేసి చెప్పారు. గట్టిపడ్డ కాలేయం రక్తంలోని విషాన్ని వడకట్టలేక వదిలేస్తే అది మెదడుకు ఎక్కుతుంది. పస్తు, దాహం ఆ పనిని తొందర చేశాయి. మందు పడింది. తెలివి వస్తుందన్నారు.

609వ చుట్టు, వెలుగు మొదటి రోజు

ఊరంతా భోజనశాలలో సమావేశమైంది. తవుడు మిగిలిన మాసిక తనే వేసి వచ్చాడు, యాసిడ్‌కు అరచేతులు కాలిపోయాయి. జనం మాసిక గురించి అడగడం లేదు. పైడమ్మను ఆ ఒంటితో ఎవరు పంపారని అడుగుతున్నారు. కొందరు రామినాయుడి మీదికి లేచారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆయనకు తెలియదు. నాకు తెలుసు. కొలిచాను, ఇరవై ఒకటి వచ్చింది. రిజిస్టరులో రాయలేదు. స్కానరు పట్టలేదని ఆయనతో అబద్ధం చెప్పాను" అన్నాను.

తర్వాత డాక్టర్ గారు లేచి సూది సంగతి మొత్తం చెప్పారు. అది ఎవరు తయారుచేశారో మొదట చెప్పి, ఏం చేసిందో తర్వాత చెప్పారు. మీ పిల్లలకు పదిహేనేళ్ళు రాగానే ఇదే సూది వేయవలసి ఉంటుందని, ఆపాలంటే తెప్పను వదలాలని చివర చెప్పారు.

కట్లు కట్టిన చేతులతో తవుడు అడిగాడు. "తెప్పలో పన్నెండు మందికి సోటుంది కదండి నాయుడు బాబూ. ఆ పన్నెండు మంది ఎవులు? పేర్లున్నాయా?"

రామినాయుడు తల వంచుకున్నాడు. "నేవు. తొమ్మిదేళ్ళ నుంచి రాద్దామని కూకుంటన్నాను. రాయలేకపోనాను." తర్వాత అన్నాడు, "అది వదిలితే ఏదైనా జరిగిననాడు ఎవులికీ దారుండదు. ఒక్కరికీ ఉండదు. అది తెలిసి చేతులెత్తండి."

చేతులు ఒక్కసారిగా లేవలేదు. ముందు కొందరు తల్లులు ఎత్తారు. తర్వాత తాడుపనివాళ్ళు. లెక్కపెట్టడానికి రెండుసార్లు పట్టింది. నూట నలభై తొమ్మిది మంది ఎత్తారు, నూట పదకొండు మంది ఎత్తలేదు. ఎత్తనివాళ్ళలో కొందరు ఏడుస్తున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను.

610వ చుట్టు, వెలుగు రెండో రోజు

తెప్పను వదిలేశాం. నాలుగు గొలుసులూ రామినాయుడే విప్పాడు. అది మబ్బులోకి చప్పుడు లేకుండా పోయింది. మా కాళ్ళ కింద ఊరు ఒక్కసారి పైకి తేలి అటూ ఇటూ ఊగింది. సంచుల్లో గాలి తగ్గించి సరిచేశారు. ఆ తర్వాత చాలామంది ఆ ఖాళీ చోటు చూడడానికి వచ్చి, చూసి వెళ్ళిపోయారు.

సూదులన్నీ పెట్టెలో పెట్టి తాళం డాక్టర్ గారికిచ్చాను. నర్సు పనిలోంచి తీసేయండని అడిగితే, "తీసేస్తే స్కాను ఎవరు చేస్తారు? చెయ్యి. ఇక నుంచి ప్రతి అంకెనూ ఇద్దరి సంతకాలతో రాస్తావు" అన్నారు. అది శిక్షో దయో ఆవిడ చెప్పలేదు.

పైడమ్మకు తెలివి బాగా వచ్చింది. తాడు మీద జరిగిందేదీ గుర్తులేదు. తవుడు చెప్పాడు. సమావేశంలో నేను చెప్పింది కూడా ఎవరో చెప్పారు. నేను గదిలోకి వెళ్ళేసరికి అటు తిరిగి పడుకుంది.

"నాను రాసీయకంటే మానీడమేనా అప్పా? నువ్వు నర్సువి కదా" అంది గోడవైపు చూస్తూనే. తర్వాత నాతో మాట్లాడలేదు.

655వ చుట్టు, వెలుగు మొదటి రోజు

ఆరు నెలలు అవుతోంది. పెద్దవాళ్ళ సగటు యాభై ఎనిమిది కిలోలు. జనానికి నడుముల దగ్గర కండ కనిపిస్తోంది, పాత చొక్కాలు పట్టడం లేదు. అన్నం తిన్నాక రక్తంలో కొవ్వు ఇప్పుడు పడాల్సినట్టే పడుతోంది. నలభై మందిని మళ్ళీ చూస్తే పంతొమ్మిది మందికి తెలుపు తగ్గింది. అందరికీ తగ్గలేదు.

తాడుపనివాళ్ళతోనే కష్టమైంది. సూది లేకపోతే బరువెక్కి పని పోతుందని వాళ్ళలో అయిదుగురు దాచుకున్న మందు దొంగతనంగా వేసుకుంటూ వచ్చారు. నేనూ డాక్టర్ గారూ చెబితే తలూపి వెళ్ళిపోయారు. ఒప్పించింది పైడమ్మ. ఒక్కొక్కరి గదికీ కర్ర ఊతంతో వెళ్ళి, వాళ్ళ చెయ్యి తీసుకుని తన పక్కటెముకల కింద పెట్టి నొక్కించిందట. "సూడు, రాయిలాగుందా? కొక్కెం దేనికో కూడా మరిసిపోనాను నాను" అందట. అయిదుగురూ మందు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కొత్త తాళ్ళు నేసే పని కూడా మొదలైంది, అరవై కిలోల మనిషిని మోసేవి.

ఇదంతా నాకు తవుడే చెప్పాడు. పైడమ్మ స్కాను కూడా ఇన్నాళ్ళూ డాక్టర్ గారి దగ్గరే చేయించుకుంది.

ఇవాళ డాక్టర్ గారికి ఒంట్లో బాగోలేదు. వరుసలో చివర పైడమ్మ నిలబడి ఉంది. వెళ్ళిపోతుందనుకున్నాను. లోపలికి వచ్చి కర్ర గోడకు ఆనించి, చొక్కా పైకి లాక్కుని పడుకుంది. సంతకానికి తవుడిని కూడా పిలిచింది. నేను స్కానరు పెట్టాను. మూడుసార్లు కొలిచాను. పద్దెనిమిది. మూడే తగ్గింది. ఇంకా తగ్గుతుందో ఇక్కడే ఆగిపోతుందో డాక్టర్ గారికే తెలియదు.

తెర దాని వైపు తిప్పాను. చాలాసేపు చూసింది.

"రాయి అప్పా" అంది.

రాశాను.